అవుట్‌బోర్డ్ మోటారు గేర్ బాక్సులో నూనె కారుతోందా? ఎక్కడో కనిపెట్టి బాగుచేసుకోవడం ఎలా

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం. ఈ 61 రోజుల్లో జువ్వలదిన్నె, ఇస్కపల్లి నుంచి కొత్తపట్నం, పాకల దాకా పడవలన్నీ ఒడ్డునే ఉంటాయి. వలలు అల్లుకుంటారు, పడవకు రంగు వేసుకుంటారు. మోటారు మాత్రం ఆఖరి వారంలో గుర్తొస్తుంది. అప్పటికి మెకానిక్ దొరకడు, సీలూ (నూనె బయటికి, నీళ్లు లోపలికి పోకుండా షాఫ్టు చుట్టూ ఉండే రబ్బరు రింగు) దొరకదు. అందుకే ఈ పని మే నెలలోనే పెట్టుకోండి.

ముందు, కారేది నిజంగా గేర్ ఆయిలేనా అన్నది తేల్చుకోవాలి. చాలా మోటార్లలో పొగ ఫ్యాను (ప్రొపెల్లర్) మధ్య నుంచే బయటికి పోతుంది. కాలని నూనె, మసి అక్కడే పేరుకుని, మోటారు పైకెత్తి పెట్టినప్పుడు నల్లగా కారుతుంది. దాన్ని చూసి సీలు పోయిందని గేర్ బాక్సు విప్పించుకున్నవాళ్లు ఉన్నారు. వేలికి రాసుకుని వాసన చూడండి. గేర్ ఆయిల్‌కు గంధకం కలిసిన ఘాటు వాసన ఉంటుంది, వేళ్ల మధ్య సాగుతుంది. మసి నూనెది పొగ వాసనే. అనుమానం తీరకపోతే ఫ్యాను చుట్టూ శుభ్రంగా తుడిచి, కింద అట్టముక్క పరిచి, తెల్లారి చూడండి.

నూనె దించి చూడటం

మోటారును ఒక రాత్రంతా నిటారుగా నిలబెట్టండి. పొద్దున్నే, గేర్ బాక్సు పై ప్లగ్గు (నూనె రంధ్రం మూత) ముట్టుకోకుండా అడుగు ప్లగ్గును కొద్దిగా వదులు చేయండి. నీళ్లు నూనెకన్నా బరువు కాబట్టి లోపల చేరి ఉంటే ముందు అవే చుక్కలుగా వస్తాయి. తర్వాత పై ప్లగ్గు కూడా తీసి మొత్తం గిన్నెలోకి దించండి.

నూనె పాలు కలిపిన టీలా ఉంటే ఉప్పునీరు కలిసి చిలికినట్టే. బయట చుక్క నూనె కారకపోయినా ఇలా కావచ్చు. నడిచి వేడెక్కిన గేర్ బాక్సు ఆపగానే నీళ్లలో చల్లబడుతుంది, లోపల ఒత్తిడి తగ్గి, అరిగిన సీలు సందులోంచి నీళ్లను పీల్చుకుంటుంది. ఇక ప్లగ్గు చివర అయస్కాంతం ఉంటే దాన్ని వేలితో తుడవండి. మెత్తని బూడిద లాంటి పొడి మామూలే. గోటికి గుచ్చుకునే ఇనుప ముక్కలు వస్తే గేరో బేరింగో పోతోందని అర్థం. అది సీలు మార్చి సరిపెట్టే పని కాదు.

“ఏం కాదులే మామా, నూనె పోసుకుంటా పోతే ఆడతాది” అనేవాళ్ల మాట మాత్రం వినొద్దు. ఉప్పునీళ్లు చేరిన బేరింగు ఒడ్డున పడి ఉన్న రోజుల్లో కూడా తుప్పు పడుతూనే ఉంటుంది.

గాలి పెట్టి పట్టుకోవడం

సీళ్లు కొనకముందే చేయాల్సిన పని ఇది. నూనె దించిన గేర్ బాక్సుకు ఒక ప్లగ్గు బిగించి, రెండో రంధ్రంలో గేజీ ఉన్న చేతిపంపు గొట్టం తగిలించండి. 10 పి.ఎస్.ఐ. చాలు. టైరుకు కొట్టినట్టు కొడితే బాగున్న సీలు కూడా లేచిపోతుంది. ముల్లు కాసేపు కదలకుండా నిలబడాలి. ఆ సమయంలో ఫ్యాను షాఫ్టును చేత్తో తిప్పండి, గేరు ముందుకూ వెనక్కూ మార్చండి. కొన్ని సీళ్లు షాఫ్టు తిరిగినప్పుడే కారుతాయి. ముల్లు పడిపోతుంటే సబ్బునీళ్లు పూయండి, బుడగ ఎక్కడ లేస్తే కారేది అక్కడే.

బుడగ ప్లగ్గు దగ్గర లేస్తే అదృష్టవంతులు. ప్లగ్గు కింది వాషరు ఒకసారి నలిగాక మళ్లీ సరిగ్గా కూర్చోదు, నూనె మార్చిన ప్రతిసారీ కొత్తది వేయాలి. ఫ్యాను వెనక లేస్తే షాఫ్టు సీళ్లు గానీ, బేరింగ్ క్యారియరు (షాఫ్టు బేరింగును పట్టి ఉంచే గుండ్రటి భాగం) చుట్టూ ఉండే రబ్బరు ఓ-రింగ్ గానీ. పైన వాటర్ పంపు కింద లేస్తే డ్రైవ్ షాఫ్టు (ఇంజను నుంచి కిందికి దిగే నిలువు షాఫ్టు) సీలు. గేరు రాడ్డు దగ్గర లేస్తే దాని సీలు. మొగలో (ఏరు సముద్రంలో కలిసే చోట) ఇసుకమేటకు తగిలిన మోటారైతే అడుగు రెక్క దగ్గర పగులు కూడా వెతకండి. పగులైతే అల్యూమినియం వెల్డింగు తెలిసినవాళ్లకే ఇవ్వాలి.

ఫ్యాను షాఫ్టు సీలు మార్చడం

మన తీరంలో ఎక్కువగా పోయేది ఇదే, కారణం వల దారం. చుట్టుకున్న నైలాన్ దారం షాఫ్టు తిరిగే కొద్దీ వేడెక్కి, గట్టిపడి, సీలు అంచును కోసేస్తుంది.

గేరు న్యూట్రల్‌లో పెట్టి, స్పార్క్ ప్లగ్గు వైరు పీకేయండి. స్ప్లిట్ పిన్ను తీసి, నట్టు విప్పి, ఫ్యాను లాగండి. వాషర్లు ఏ వరసలో వచ్చాయో ఫోన్‌లో ఫొటో తీసుకోండి. ఇరుక్కున్న దారం కత్తితో కోయకుండా కొక్కెంతో లాగండి, షాఫ్టు మీద గీత పడకూడదు. ఉప్పు పట్టిన క్యారియరు బోల్టులు ఒక పట్టాన రావు. తుప్పు వదిలించే నూనె కొట్టి, రాత్రంతా వదిలేసి, మర్నాడు తిప్పండి. బలవంతపెడితే తల తెగుతుంది, తర్వాత డ్రిల్లు పెట్టాల్సిందే. క్యారియరు పుల్లరు (లాగే పనిముట్టు)తోనే లాగాలి. లోపల షిమ్ములు (సందు సరిచేసే పలుచని రేకులు) ఉంటే ఎక్కడివి అక్కడే పెట్టాలి.

పాత సీలు పీకే ముందు దాని పెదవి (షాఫ్టును తాకే లోపలి అంచు) ఎటు చూస్తోందో చూసి పెట్టుకోండి. మోటారును బట్టి అది మారుతుంది, తిరగేసి వేస్తే కొత్త సీలూ కారుతుంది. తర్వాత షాఫ్టు మీద సీలు నడిచిన చోట గోరు ఆనించి లాగండి. గోరు గాడిలో పడితే స్లీవు (షాఫ్టు మీద తొడిగే పలుచని గొట్టం) వేయాలి, లేదా షాఫ్టే మార్చాలి. కొత్త సీలు పెదవికి మెరైన్ గ్రీజు రాసి, సరిపడా సాకెట్టు ఆనించి, చెక్క సుత్తితో వంకర లేకుండా కూర్చోబెట్టండి. ఓ-రింగ్ కూడా కొత్తదే వేయండి.

డ్రైవ్ షాఫ్టు సీలు కోసం గేర్ బాక్సు దించితే ఆ చేత్తోనే వాటర్ పంపు ఇంపెల్లరు (నీళ్లను తోసే రబ్బరు రెక్కల చక్రం) మార్చేయడం మేలు.

ఇంజను పడవ లోపల ఉండి డ్రైవు వెనక ఉండే స్టెర్న్‌డ్రైవుకూ ఇదే పద్ధతి. అదనంగా, డ్రైవు విప్పినప్పుడు రబ్బరు బెల్లోసు (మడతల గొట్టం) లోపల నూనె కనిపిస్తే ఇన్‌పుట్ షాఫ్టు సీలు పోయినట్టు. డ్రైవ్ ఆయిల్ సీసా ఉన్నవాటిలో మట్టం తగ్గితే కారుతున్నట్టు, తెల్లబడి మట్టం పెరిగితే నీళ్లు చేరుతున్నట్టు.

మళ్లీ నూనె పోయడం

బిగించాక ఇంకోసారి గాలి పెట్టి చూసి, అప్పుడు నూనె పోయండి. మోటారు పుస్తకంలో చెప్పిన గ్రేడే వాడాలి, ఎక్కువ వాటికి ఎస్‌ఏఈ 90 హైపాయిడ్ గేర్ ఆయిల్. ఇంజన్ ఆయిల్ పనికిరాదు. నూనె అడుగు రంధ్రం నుంచే ఎక్కించాలి, పైనుంచి పోస్తే లోపల గాలి ఇరుక్కుంటుంది. పై రంధ్రంలోంచి బుడగలు లేకుండా నూనె వచ్చేదాకా ఎక్కించి, ముందు పై ప్లగ్గు బిగించి, అప్పుడు గొట్టం లాగి అడుగు ప్లగ్గు పెట్టేయండి.

మొదటి వేట నుంచి రాగానే మోటారును నిటారుగా నిలబెట్టి, అడుగు ప్లగ్గు వదులు చేసి రెండు చుక్కలు చూడండి. దించిన పాత నూనెను ఉప్పుటేరులో పారబోయకుండా డబ్బాకు పట్టి, పాత నూనె కొనేవాళ్లకు ఇచ్చేయండి.