క్వాంటం తాళంతో వైఫై లాగిన్, 3వ భాగం: నాణెం ఎగరేసి కీ తయారుచేద్దాం

ఫోటాన్‌ని (వెలుగులో ఒక్క రేణువు) తప్పు బేసిస్‌లో (కొలిచే దిశల జత, ప్లస్ గానీ క్రాస్ గానీ) కొలిస్తే అందులో ఉన్న బిట్ పోతుందని పోయిన భాగంలో చూశాం కదా, ఆ ఒక్క ముక్క పట్టుకుని ఈసారి చేత్తో కీ, అంటే ఇద్దరికే తెలిసిన రహస్య బిట్ల వరుస, తయారుచేద్దాం. కంప్యూటర్ అక్కర్లేదు, ఒక నాణెం, కాసిని చిత్తుకాగితాలు, ఖాళీగా ఉన్న ఒక ఫ్రెండ్ ఉంటే చాలు.

మీరు రౌటర్, ఫ్రెండ్ ఫోన్. ప్రతి చీటీకి రెండుసార్లు నాణెం ఎగరేయండి, మొదటిసారి బిట్ కోసం, అంటే 0 గానీ 1 గానీ, రెండోసారి బేసిస్ కోసం, ప్లస్ అయితే ప అని, క్రాస్ అయితే క అని రాసి మడిచి ఇవ్వండి. ఫ్రెండ్ చీటీ విప్పకముందే తన నాణెం ఎగరేసి తన బేసిస్ రాసి పెట్టుకోవాలి, ఇక్కడ మాత్రం కక్కుర్తి పనికిరాదు. విప్పాక రెండు బేసిస్‌లు కలిస్తే చీటీలో ఉన్న బిట్టే రాసుకోవాలి, కలవకపోతే దాన్ని వదిలేసి మళ్ళీ నాణెం ఎగరేసి ఏది పడితే అది రాసుకోవాలి, చీటీ చింపెయ్యాలి. నిజం ఫోటాన్‌తో అయితే ఆ చింపడం దానంతటదే అయిపోతుంది, మన ఆటలో నిజాయితీ మనమే తెచ్చుకోవాలి.

ఒక ఉదాహరణ. రౌటర్ బిట్లు 1 0 1 1 0 0 1 0, రౌటర్ బేసిస్‌లు ప క క ప ప క ప క, ఫోన్ బేసిస్‌లు ప ప క క ప క ప ప. ఇప్పుడు ఇద్దరూ బేసిస్‌లు మాత్రమే పైకి చదువుకోవాలి, ఎవరు విన్నా పర్లేదు, బేసిస్ తెలిసినంత మాత్రాన బిట్ తెలియదు. 1, 3, 5, 6, 7 స్థానాల్లో కలిశాయి, మిగతా మూడూ కొట్టేస్తే మిగిలేది 11001, అదే మీ కీ. పెద్ద లిస్టు తీసుకుంటే సుమారు సగం మిగులుతాయి. చార్లెస్ బెన్నెట్, జిల్ బ్రసార్ ఈ పద్ధతిని 1984లో కాన్ఫరెన్స్‌లో పెట్టింది ఎక్కడో కాదు, మన పక్కన బెంగళూరులోనే.

ఇప్పుడు మూడో మనిషిని దొంగగా మధ్యలో కూర్చోబెట్టండి. వాడు కూడా బేసిస్ ముందే ఎంచుకుని చీటీ విప్పుతాడు, తనకొచ్చిన బిట్‌తో తన బేసిస్‌లోనే కొత్త చీటీ రాసి ఫోన్‌కి పంపుతాడు. సగం సార్లు వాడి బేసిస్ తప్పుతుంది, అలా తప్పిన వాటిలో మళ్ళీ సగం ఫోన్ దగ్గర తప్పు బిట్‌గా తేలతాయి, అంటే బేసిస్ కలిసిన బిట్లలో 25 శాతం తేడా వస్తుంది. అందుకే కీలో కొన్ని బిట్లు పైకి చదివి సరిచూసుకుంటారు, 20 బిట్లు చూస్తే దొంగ దొరక్కుండా పోయే అవకాశం 0.3 శాతమే. చదివిన బిట్లు మాత్రం పారెయ్యాల్సిందే, అవి ఇంక రహస్యం కాదు.

ఇంతవరకూ బానే ఉంది గానీ అసలు చిక్కు ఇక్కడుంది, చాలా వీడియోల్లో ఇది దాటేస్తారు. దొంగ మధ్యలో కూర్చుని వినడం కాకుండా రౌటర్‌కి నేనే ఫోన్‌ని అని, ఫోన్‌కి నేనే రౌటర్‌ని అని చెప్తే? ఇద్దరితో విడివిడిగా రెండు కీలు చేసుకుంటాడు, ఎక్కడా ఒక్క తప్పు కూడా కనపడదు. అంటే క్వాంటం మీకు కీ ఇస్తుంది గానీ అవతల ఉన్నది ఎవరో చెప్పదు. దానికి మొదట్లోనే ఇద్దరి దగ్గరా ఒక చిన్న రహస్యం ఉండాలి, పైకి చదివే ప్రతి మెసేజ్‌కీ దాంతో ఒక ట్యాగ్, అంటే పంపింది అసలు మనిషే అని చూపే చిన్న ముద్ర, కట్టి పంపాలి. వెగ్‌మన్, కార్టర్ 1981లో చూపించిన హ్యాష్ పద్ధతి (పెద్ద మెసేజ్‌ని చిన్న సంఖ్యగా కుదించే లెక్క) ఇక్కడే పనికొస్తుంది, దొంగ దగ్గర ఎంత పెద్ద కంప్యూటర్ ఉన్నా ఆ ట్యాగ్‌ని ఊహించి కొట్టడం తప్ప దారి లేదు. కొత్తగా పుట్టిన కీలో కొంత పక్కన పెట్టి తర్వాతి రౌండ్ ట్యాగ్‌లకి వాడతారు, అలా చిన్న రహస్యం పెరుగుతూ పోతుంది.

వైఫైలో ఇది ఎక్కడ కూర్చుంటుందో చూద్దాం. అమీర్‌పేట హాస్టల్లో గోడ మీద రాసి ఉండే పాస్‌వర్డ్ తీసుకోండి, డబ్ల్యూపీఏ2 అనే వైఫై భద్రతా పద్ధతిలో ఆ పాస్‌వర్డ్‌నీ నెట్‌వర్క్ పేరునీ కలిపి 4096 సార్లు తిప్పి 256 బిట్ల మాస్టర్ కీ చేస్తారు. తర్వాత నాలుగు మెసేజ్‌ల హ్యాండ్‌షేక్‌లో (కనెక్ట్ అయ్యేముందు రౌటర్, ఫోన్ మాట్లాడుకోవడం) ఆ మాస్టర్ కీకి రెండు వైపుల నుంచి చెరో ర్యాండమ్ నంబర్, రెండు మ్యాక్ అడ్రస్‌లు (ఒక్కో పరికరానికి ఉండే గుర్తింపు నంబర్లు) కలిపి ఆ సెషన్ కీ తీస్తారు. పాస్‌వర్డ్ తెలిసిన రూమ్మేట్ మీ హ్యాండ్‌షేక్‌ని పట్టుకుంటే మీ సెషన్ కీ వాడికీ వచ్చేస్తుంది, తెలియనివాడు డిక్షనరీ పెట్టి తీరిగ్గా ఊహిస్తూ కూర్చుంటాడు. ఆ మాస్టర్ కీ స్థానంలో ఒక్కో ఫోన్‌కి ఒక్కో క్వాంటం కీ, 256 ర్యాండమ్ బిట్లు పెడితే రూమ్మేట్‌కీ దారి లేదు, డిక్షనరీకీ పని లేదు. మిగతా హ్యాండ్‌షేక్ అలాగే ఉంచొచ్చు.

మరి ఫోటాన్ వైఫై యాంటెన్నా నుంచే వస్తుందా అంటే, రాదు. 2.4 గిగాహెర్ట్జ్ దగ్గర ఒక్క ఫోటాన్ శక్తి కన్నా గది వేడి నుంచి వచ్చే గోల సుమారు 2,600 రెట్లు ఎక్కువ, అందులో ఒంటరి ఫోటాన్‌ని ఎక్కడ వెతుకుతాం? కాబట్టి కీ కోసం లేజర్ లైట్, ఎదురెదురుగా గానీ ఫైబర్‌లో గానీ, డేటా మాత్రం రేడియోలో. ఫైబర్ దారిని 2020 డిసెంబర్‌లో మన హైదరాబాద్‌లోనే డీఆర్‌డీఓ వాళ్ళు తమ రెండు ల్యాబ్‌లు డీఆర్‌డీఎల్, ఆర్‌సీఐ మధ్య 12 కిలోమీటర్ల దూరానికి చేసి చూపించారు. ఫోన్‌లో పెట్టేంత చిన్న డిటెక్టర్ సంగతి వేరే కథ, అందుకే నా లెక్కలో ముందు సర్వర్‌కీ యాక్సెస్ పాయింట్‌కీ (వైఫై సిగ్నల్ ఇచ్చే పెట్టె) మధ్య ఇది వస్తుంది, మన జేబులోకి తర్వాత.

హోమ్‌వర్క్: దొంగ లేకుండా 80 చీటీలు, దొంగతో 80 చీటీలు ఆడి రెండిట్లో తప్పుల శాతం వేరువేరుగా రాయండి. దొంగ లేనప్పుడు కూడా తప్పులు వస్తే ఎవరో చీటీ ముందే విప్పారు, లేదా బేసిస్ లిస్టులో ఒక గడి జారింది. ఆ పేపర్లు దాచుకోండి, నాలుగో భాగంలో దొంగ చేతికి చిక్కిన కొద్ది బిట్లని కూడా పనికిరాకుండా చేసే హ్యాష్ లెక్క వాటి మీదే చేస్తాం.