కారు లేకుండా చంటిపిల్లతో ఆల్ప్స్‌లో రెండు మూడు రోజులు: ఎక్కడ తేడా కొడుతుంది, ఏం చేయాలి

ఇది యూరప్‌లో ఉంటూ కారు లేనివాళ్ళ కోసం. కారు ఉన్నా, కొండ మలుపుల్లో వెనక సీట్లో పాప వాంతి చేసుకుంటుందని బయటికి తీయనివాళ్ళకి కూడా. పిల్లల వయసు 1 నుంచి 5 మధ్య, సెలవు రెండు మూడు రాత్రులు అనుకుని రాస్తున్నాను. పది రోజులు తిరిగేవాళ్ళ లెక్క వేరు. చాలావరకు ఇబ్బంది కొండ మీద కాదు, బుక్ చేసేటప్పుడే మొదలవుతుంది. ఫొటో చూసి ఊరు ఎంచుకుంటాం, స్టేషన్ నుంచి బస చేసే చోటి గుమ్మం దాకా ఎలా చేరతామో తర్వాత చూద్దాంలే అనుకుంటాం. ముందు స్టేషన్, ఆ తర్వాత గుమ్మం, ఆఖరికి ఫొటో అన్న వరుసలో చూస్తే కింద రాసినవాటిలో సగం అసలు మీ దాకా రావు.

"పోను ఒక రోజు, రాను ఒక రోజు, ఇంకేం మిగిలింది?"

కారణం: పేరున్న ఊరే కావాలనుకోవడం. మ్యూనిక్‌లో ఉంటూ రెండు రాత్రుల కోసం స్విట్జర్లాండ్‌లోని జెర్మాట్ పెట్టుకుంటే అక్కడి మ్యాటర్‌హార్న్ శిఖరం కంటే రైలు కిటికీలే ఎక్కువ చూస్తారు. జెర్మాట్ గొప్ప ఊరే, కాదనను, కానీ అది జ్యూరిక్ నుంచే మూడు గంటల పైమాట.

ఏం చేయాలి: ఇంటి తలుపు వేసిన దగ్గర్నుంచి లెక్కపెట్టి నాలుగు గంటలు, రెండు మార్పులు దాటకుండా ఊరు వెతకండి. మ్యూనిక్ వాళ్ళకి గార్మిష్-పార్టెన్‌కిర్హెన్ గంటన్నర లోపే. అదే లైన్లో ఇంకా పైకి పోతే ఆస్ట్రియాలో సీఫెల్డ్ వస్తుంది, సుమారు 1,180 మీటర్ల ఎత్తులో చదునుగా ఉన్న మైదానం, స్టేషన్ ఊరి మధ్యలోనే. చిన్నపిల్లలతో మొదటిసారి వెళ్తున్నవాళ్ళకి నేనైతే కళ్ళు మూసుకుని సీఫెల్డే చెప్తాను. జ్యూరిక్ వాళ్ళు బ్రౌన్‌వాల్డ్ చూడండి. ఎస్25 రైలెక్కి ఆఖరి స్టేషన్ లింథాల్ దాకా పోకుండా ఒక స్టాప్ ముందే, లింథాల్ బ్రౌన్‌వాల్డ్‌బాన్ దగ్గర దిగితే పక్కనే ఫ్యూనిక్యులర్ (తాడు లాగితే కొండెక్కే చిన్న రైలు) ఉంటుంది, పైన ఊళ్ళో కార్లు లేవు. బాజెల్, బెర్న్ వాళ్ళకి ఇంటర్లాకెన్ మీదుగా వెంగెన్, మ్యూరెన్. లండన్ నుంచి విమానంలో వచ్చేవాళ్ళకి జ్యూరిక్, జెనీవా రెండు ఎయిర్‌పోర్టుల్లోనూ రైల్వే స్టేషన్ అక్కడే ఉంది, కాబట్టి విమానం దిగాక కారు అద్దెకి తీసుకోవాలన్న ఆలోచనే అక్కర్లేదు.

యాప్‌లో రైలు మారడానికి 5 నిమిషాలు చూపిస్తే అది బ్యాగు ఒక్కటే ఉన్న మనిషికి. స్ట్రోలర్, సూట్‌కేసు, "అమ్మా బాత్రూమ్" అనే పిల్లాడు ఉంటే ఆ రైలు వదిలేసి తర్వాతది పట్టుకునేలా ముందే ప్లాన్ చేసుకోండి. స్విస్‌లో అరగంటకో గంటకో ఇంకోటి ఉంటుంది, టెన్షన్ పడక్కర్లేదు. జర్మనీలో మాత్రం పట్టాల పని పేరుతో రైలు బదులు బస్సు వేసే వారాంతాలు ఉంటాయి. బుక్ చేసిన రోజే కాదు, బయల్దేరే వారం కూడా ఒకసారి యాప్ చూడండి.

"కార్లు లేని ఊరన్నారు, సామాను మోయలేక చచ్చాం"

ఇక్కడ రెండు వేరు వేరు విషయాలు కలిసిపోతున్నాయి. కార్లు తిరగని ఊరు ఒకటి, కారు లేకుండా తేలిగ్గా చేరగలిగే ఊరు ఇంకొకటి. ఆస్ట్రియాలోని టిరోల్‌లో సెర్ఫాస్ మొదటి రకం. వీధుల్లో ట్రాఫిక్ తగ్గించడానికి 1985లో ఊరి కింద చిన్న భూగర్భ రైలు వేశారు, గాలి దిండు మీద తేలుతూ పోతుంది, నాలుగే స్టేషన్లు, టికెట్ లేదు. పిల్లలు దిగనంటారు. కానీ ఆ ఊరు చేరాలంటే లాండెక్-జామ్స్ స్టేషన్‌లో దిగి కొండదారిలో బస్సెక్కాలి. బస్సు పడని పిల్ల అయితే ఈ ఒక్క ముక్కే మొత్తం ట్రిప్పుని పాడుచేస్తుంది. సీఫెల్డ్ రెండో రకం, ఊళ్ళో కార్లు ఉన్నాయి కానీ మీకు కారుతో పనిలేదు. వెంగెన్ రెండూ: లౌటర్‌బ్రున్నెన్ నుంచి కొండ రైలు తప్ప రోడ్డు లేదు, స్టేషన్ ఊరి నడిబొడ్డులో. ఆ రైలు మన ఊటీ కొండ రైలులాగే పట్టాల మధ్య పళ్ళ పట్టీ పట్టుకుని ఎక్కుతుంది, పావుగంట లోపే.

ఏం చేయాలి: బస బుక్ చేసే ముందు స్టేషన్ నుంచి దాని దాకా నడక దూరం చూడండి, దూరంతో పాటు ఎత్తు తేడా కూడా. మ్యాప్‌లో 400 మీటర్లే కనిపిస్తుంది, అందులో 60 మీటర్లు నిలువుగా ఉంటే స్ట్రోలర్ తోసేవాళ్ళకి నడుం పోతుంది. కార్లు లేని ఊళ్ళలో చాలా హోటళ్ళు స్టేషన్‌కి ఎలక్ట్రిక్ బండి పంపుతాయి, ఏ రైల్లో దిగుతున్నారో ముందు రోజు మెయిల్ పెడితే చాలు. అద్దె ఫ్లాట్లకి మామూలుగా ఆ సౌకర్యం ఉండదు.

టాక్సీ ఉందిగా అంటారా? స్విస్‌లో 12 ఏళ్ళ లోపు, 150 సెంటీమీటర్ల లోపు పిల్లలకి కార్లో చైల్డ్ సీటు ఉండాలి. ఆ నాలుగు కిలోమీటర్ల కోసం సీటు మోసుకెళ్ళడమో, సీటున్న టాక్సీ ముందే చెప్పుకోవడమో తప్పదు. అందుకే ఆఖరి కిలోమీటరు టాక్సీ మీద ఆధారపడే బస వద్దు.

"సరైన రైలే ఎక్కాం, తప్పు ఊరికి వెళ్ళాం"

ఇంటర్లాకెన్ ఓస్ట్ దగ్గర ఇది జరుగుతూనే ఉంటుంది. అక్కడ బయల్దేరిన రైలు జ్వైలూచినెన్ దగ్గర రెండు ముక్కలవుతుంది, ఒకటి లౌటర్‌బ్రున్నెన్‌కి, ఇంకోటి గ్రిండెల్‌వాల్డ్‌కి. ప్లాట్‌ఫామ్ మీదా, పెట్టె మీదా ఊరి పేరు రాసి ఉంటుంది, చూసి ఎక్కండి. నాన్న ఒక పెట్టెలో, సామాను ఇంకో పెట్టెలో పెట్టే అలవాటు ఇక్కడ మానేయాలి.

"రైల్లోనే పిల్లాడు పేచీ పెట్టేశాడు"

6 ఏళ్ళ లోపు పిల్లలకి స్విస్, జర్మన్, ఆస్ట్రియన్ రైళ్ళలో టికెట్ లేదు, సంతోషమే. కానీ టికెట్ లేకపోతే సీటూ మీది కాదు. శుక్రవారం సాయంత్రం జనంతో నిండిన ఐసీఈలో (జర్మనీ వేగపు రైలు) మూడేళ్ళ వాణ్ణి రెండు గంటలు ఒళ్ళో కూర్చోబెట్టుకుని చూడండి, తెలుస్తుంది. డబ్బులిచ్చి సీట్లు రిజర్వ్ చేయించుకోండి. ఐసీఈల్లో చంటిపిల్లల కోసం విడిగా చిన్న కంపార్ట్‌మెంట్ ఉంటుంది, దాన్ని ముందే పట్టుకుంటే అదృష్టం. ఆస్ట్రియా రైల్‌జెట్‌లో ఫ్యామిలీ జోన్, అందులో పిల్లలకి చిన్న సినిమా తెర. స్విస్ డబుల్ డెక్కర్ ఇంటర్‌సిటీల్లో ఫ్యామిలీ కోచ్ పై అంతస్తులో జారుడుబండతో సహా ఆట స్థలం, రిజర్వేషన్ అక్కర్లేదు. అది రైలు చివరి పెట్టెల్లో ఉంటుంది, ప్లాట్‌ఫామ్ మీద ఏ సెక్టార్ దగ్గర ఆగుతుందో బోర్డులో చూసి అక్కడే నిలబడండి.

"కేబుల్ కార్‌లో ఒకటే ఏడుపు, పైకెళ్ళాక ఇంకా ఎక్కువ"

చెవులు. గొండోలా నిమిషాల్లో వెయ్యి మీటర్లు ఎక్కితే గాలి ఒత్తిడి మారి చెవి దిబ్బడ వేస్తుంది, పెద్దవాళ్ళం గుటక వేసి సర్దుకుంటాం, పిల్లలకి తెలియదు. ఎక్కేటప్పుడూ, ముఖ్యంగా దిగేటప్పుడూ పాలు పట్టండి, కాస్త పెద్ద పిల్లలైతే స్ట్రాతో నీళ్ళు. జలుబు చేసి ముక్కు మూసుకుపోయి ఉంటే ఆ రోజు కేబుల్ కార్ మానేయండి.

రెండోది ఎత్తు. ఇంటర్లాకెన్ వైపు నుంచి కొండ రైల్లో చేరే యుంగ్‌ఫ్రౌయోక్ స్టేషన్ 3,454 మీటర్ల ఎత్తు. 2020 డిసెంబర్‌లో ఐగర్ ఎక్స్‌ప్రెస్ గొండోలా వచ్చాక అక్కడికి ఇంకా త్వరగా చేరుతున్నారు, అంటే ఒంటికి అలవాటు పడే టైమ్ ఇంకా తగ్గింది. తలనొప్పిగా ఉందని రెండేళ్ళ పిల్ల చెప్పలేదు, చికాకు పడుతుంది, తినదు, వాంతి చేసుకుంటుంది. అలా కనిపిస్తే ఫొటోలు ఆపి వెంటనే కిందికి రావడమే మందు. ఫ్రాన్స్‌లోని షమోనీలో 3,842 మీటర్ల ఎగ్వీ ద్యు మిదీ శిఖరానికి అయితే 3 ఏళ్ళ లోపు పిల్లల్ని అసలు ఎక్కనివ్వరు.

"ఇండియా నుంచి అత్తయ్య, మావయ్య వచ్చారు, యుంగ్‌ఫ్రౌ చూపించకపోతే ఎలా" అనేవాళ్ళకి ఒక మాట. సీజన్లో ఇంటర్లాకెన్ నుంచి పెద్దవాళ్ళకి రానుపోను 200 ఫ్రాంకులు దాటుతుంది, మబ్బు పడితే పైన తెల్లటి గోడ తప్ప ఏమీ ఉండదు. పెద్దవాళ్ళని ఒకళ్ళు తీసుకెళ్ళండి, బీపీ, గుండె సంగతి డాక్టర్‌ని అడిగాకే. చిన్నదానితో ఇంకొకళ్ళు కింద ఉండండి. చంటిపిల్లలకి 2,000 మీటర్ల చుట్టుపక్కల ఎత్తు చాలు, అక్కడ ఆవులు కూడా ఉంటాయి.

"స్ట్రోలర్ తీసుకెళ్ళి తప్పు చేశామా? తీసుకెళ్ళకపోతే తప్పా?"

దారిని బట్టి. స్విస్‌లో పసుపు బోర్డు మామూలు నడక దారి, తెలుపు-ఎరుపు-తెలుపు గుర్తు కొండ బాట, తెలుపు-నీలం-తెలుపు ఆరితేరినవాళ్ళకి. స్ట్రోలర్ ఆశ పసుపులోనే, అందులోనూ అన్నిట్లో కాదు. గార్మిష్‌లోని పార్ట్నాక్ లోయ లాంటి ఇరుకు బాటల్లో స్ట్రోలర్ కుదరదు. నాకు బాగా నచ్చేది మ్యూరెన్ నుంచి గ్రూచాల్ప్ దారి. నాలుగున్నర కిలోమీటర్లు, దాదాపు చదును, స్ట్రోలర్ పోతుంది, పక్కనే చిన్న రైలు పట్టాలు, ఎదురుగా ఐగర్, మోంక్, యుంగ్‌ఫ్రౌ శిఖరాలు. మధ్యలో వింటెరెగ్ దగ్గర హోటలూ, ఆడుకునే చోటూ, స్టేషనూ ఉన్నాయి. పిల్లాడు ఇంక నడవనంటే అక్కడే రైలెక్కేయొచ్చు. మీరు ఏ దారి ఎంచుకున్నా ఇలా మధ్యలో తప్పించుకునే వీలు ఉందా అని చూసుకోండి.

వీపు మీద క్యారియర్‌లో మోస్తే ఒక సంగతి మర్చిపోతారు. మీకు చెమటలు పడుతుంటాయి, కదలకుండా కూర్చున్న పాపకి కాళ్ళు చల్లబడిపోతాయి. ఉన్ని సాక్స్ ఇంకో జత వేసి, మధ్యమధ్యలో పాదాలు పట్టుకుని చూడండి. ప్రతి వెయ్యి మీటర్లకీ అతినీలలోహిత కిరణాల తీవ్రత సుమారు 10 శాతం పెరుగుతుంది, మంచు ఉంటే కింద నుంచి కూడా కొడుతుంది. టోపీ, సన్‌స్క్రీన్, కళ్ళద్దాలు ముగ్గురికీ.

"వెళ్ళేసరికి లిఫ్టులన్నీ బంద్"

ఏప్రిల్ ఆఖరు నుంచి మే ఆఖరు దాకా, మళ్ళీ నవంబర్‌లో చాలా కేబుల్ కార్లు మరమ్మతుల కోసం ఆపుతారు. హోటళ్ళు చవకగా దొరుకుతున్నాయంటే కారణం తరచూ అదే. ఊళ్ళకి వెళ్ళే రైళ్ళు తిరుగుతాయి, వెంగెన్ నుంచి మాన్లిచెన్ ఎక్కే కేబుల్ కార్ లాంటివి ఆగుతాయి. అక్కడి పెద్ద ఆవు బొమ్మ జారుడుబండ చూపిస్తానని పిల్లకి మాటిచ్చి ఉంటే మీ పని అయిపోయినట్టే. తేదీలు లిఫ్టు కంపెనీ సైట్‌లోనే చూడండి. గాలి ఎక్కువైనా ఆపుతారు, దానికి సైట్‌లో లైవ్ కెమెరా ఉంటుంది, పొద్దున్నే టీ తాగుతూ చూసి వెళ్ళాలో లేదో తేల్చుకోండి. చివరి లిఫ్టు కిందికి ఎప్పుడన్నది ఎక్కే ముందే ఫొటో తీసి పెట్టుకోండి. వేసవిలో కూడా సాయంత్రం ఐదు చుట్టుపక్కలే ఆగిపోయేవి ఎక్కువ.

"తిండి దగ్గరే అంతా చెడింది"

హోటల్ వంటగది మధ్యాహ్నం రెండుకి మూసి మళ్ళీ ఆరుకి తెరుస్తుంది, మన పిల్లకి ఆకలి నాలుగింటికి. ఆదివారం చాలాచోట్ల సూపర్ మార్కెట్లు మూత, పెద్ద స్టేషన్లలోని షాపుల్లాంటివి తప్ప. కాబట్టి శనివారమే పాలు, పెరుగు, పళ్ళు కొనేయండి, ఒక డబ్బా పెరుగన్నం ఎప్పుడూ బ్యాగులో ఉంచండి. రైస్ కుక్కర్ పట్టుకెళ్ళేవాళ్ళకి హెచ్చరిక: జర్మనీలో కొన్న కుక్కర్ లావు గుండ్రటి ప్లగ్ స్విస్ సాకెట్‌లో దూరదు. ఫోన్ చార్జర్ సన్న ప్లగ్ దూరుతుంది కాబట్టి ఆ సంగతి బియ్యం కడిగాక గానీ తెలియదు. అడాప్టర్ పెట్టుకోండి. హోటల్ గదిలో వంట చేయనివ్వరు, కుక్కర్ కావాలంటే వంటగది ఉన్న ఫ్లాటే.

ఆ ఫ్లాట్ల దగ్గర ఇంకో చిక్కు. సీజన్లో చాలావాటిని శనివారం నుంచి శనివారం దాకా, వారానికే ఇస్తారు. రెండు రాత్రులకి ఇచ్చినా ఆఖరి క్లీనింగ్ చార్జీ కలిపితే హోటల్ కంటే ఎక్కువవుతుంది. మొత్తం రేటు చూశాకే పోల్చండి. ఇటలీలోని సౌత్ టిరోల్ లాంటి చోట్ల చాలా బసలు గెస్ట్ పాస్ ఇస్తాయి, దాంతో అక్కడి బస్సులూ లోకల్ రైళ్ళూ ఉచితం. ఆ డబ్బు కూడా లెక్కలో వేసుకోండి.

"బోర్డర్ దగ్గర పోలీసులు దింపేశారు"

మామూలుగా సరిహద్దు తనిఖీలు ఉండని షెంగెన్ దేశాలే అయినా రైల్లో తనిఖీలు ఉంటాయి. భారత పాస్‌పోర్టు ఉన్నవాళ్ళకి రెసిడెన్స్ పర్మిట్ కార్డు ఒక్కటే చాలదు, పాస్‌పోర్టు కూడా ఉండాలి, పాపకి విడిగా ఆ రెండూ. బ్రిటన్ నుంచి వచ్చేవాళ్ళకి అక్కడి వీసా పనికిరాదు, షెంగెన్ వీసా వేరుగా తీసుకోవాలి. ఇంకోటి, స్విట్జర్లాండ్ షెంగెన్‌లో ఉంది గానీ యూరోపియన్ యూనియన్‌లో లేదు. మీ జర్మన్ సిమ్ ప్లాన్‌లో స్విస్ రోమింగ్ ఉందో లేదో చూసుకోండి, లేకపోతే పిల్లని ఊరుకోబెట్టడానికి పెట్టిన రెండు కార్టూన్లకి బిల్లు వాచిపోతుంది. వీడియోలు ఇంట్లో వైఫై మీదే డౌన్‌లోడ్ చేసి, సరిహద్దుకి ముందే డేటా ఆఫ్ చేయండి.