సాయంత్రం ఐదింటి ఆకలి: ఇంటర్ పిల్లల తిండిని దారిలో పెట్టడం ఎలా?

ఇంటర్ చదివే పిల్లలు ఒళ్లు చేస్తే ఇంట్లో ముందుగా నింద పడేది రాత్రి అన్నం మీదే. అది మానిపించి చపాతీ మొదలుపెడతాం. మా అమ్మాయికి నేనూ అదే చేశాను. నెల గడిచినా మార్పు లేదు. అప్పుడు కూర్చుని అడిగితే తెలిసింది: పొద్దున కాఫీ తప్ప ఏమీ తీసుకోవడం లేదు, మధ్యాహ్నం బాక్సు సగం వదిలేస్తోంది, సాయంత్రం గేటు బయట పునుగులో నూడుల్సో తిని కూల్‌డ్రింకు తాగుతోంది. "అయిదింటికి కళ్లు తిరుగుతాయమ్మా, ఏది కనబడితే అది తినేస్తా" అంది. పొద్దుటి నుంచి పేరుకున్న ఆకలి అది. దానికి ముందే తిండి సిద్ధం చేయడం ఎలాగో చెబుతాను.

మొదట బరువు మాట ఆపండి

రోజూ బరువు చూడటం, పక్కింటి పిల్లతో పోల్చడం మానేయండి. పెళ్లిళ్లలో "ఏమే, ఇంత లావయ్యావు?" అనే చుట్టాలకు మీరే అడ్డం నిలబడండి. ఆ ఒక్క మాటకు పిల్లలు రెండు పూటలు పస్తుండి, మూడో పూట రెట్టింపు తింటారు. పెద్దవాళ్ల బీఎంఐ (ఎత్తుకు తగ్గ బరువుందో లేదో చూసే) లెక్కను నేరుగా వీళ్లకు వాడకూడదు. 18 ఏళ్ల లోపు వాళ్లకు వయసును బట్టి, ఆడపిల్లలకూ మగపిల్లలకూ వేరువేరుగా భారతీయ పిల్లల వైద్యుల సంఘం 2015లో సవరించిన చార్టులున్నాయి. పిల్లల డాక్టరు వాటిలోనే చూస్తారు. ఇంకా పొడుగు పెరుగుతున్న పిల్లలకు చాలాసార్లు బరువు తగ్గించక్కర్లేదు, ఉన్నచోట నిలిస్తే ఎత్తు వచ్చి సర్దుకుంటుంది.

మూడు రోజులు వేళలు రాయించండి

ఏం తిన్నారన్నదాని కంటే ఎన్నింటికి తిన్నారన్నది ముఖ్యం. తిట్టబోమని మాటిస్తేనే నిజం రాస్తారు. రెండు తిండ్ల మధ్య ఐదారు గంటల ఖాళీ ఎక్కడ కనిపిస్తే మన పని అక్కడ.

పొద్దున కొంచెమైనా

ఏడింటికే బస్సెక్కే పిల్లకు నాలుగు ఇడ్లీలు దిగవు. ఒక ఉడికించిన గుడ్డు, అరటిపండుతో మొదలుపెట్టండి. లేదా గ్లాసు రాగిజావలో మజ్జిగ కలిపి ఇవ్వండి. పెరుగేసిన చద్దన్నం ఇష్టమైతే అంతకంటే ఏం కావాలి! వారం తిరిగేసరికి పొద్దున ఆకలి అదే వస్తుంది.

బాక్సు

సగం వెనక్కి వస్తోందంటే కారణం అడగండి. చాలాచోట్ల తినడానికి దొరికేది పావుగంటే. విడివిడిగా నాలుగు గిన్నెలు పెట్టే బదులు పప్పన్నం కలిపి, పక్కన కూర పెడితే అయిపోతుంది. వారంలో రెండుమూడు సార్లు తోటకూరో గోంగూరో పప్పులో పడాలి. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019–21) ప్రకారం మన దేశంలో 15–19 ఏళ్ల ఆడపిల్లల్లో దాదాపు 59 శాతం మందికి రక్తహీనత ఉంది. ఒళ్లు చేసిన పిల్లకు రక్తం బాగానే ఉంటుందనుకోవద్దు. ఆకుకూర పప్పు మీద నిమ్మరసం పిండితే, లేదా తిన్నాక జామకాయ ఇస్తే ఐరన్ బాగా వంటబడుతుంది. భోంచేసిన వెంటనే టీ, కాఫీ తాగితే దానికి అడ్డం పడుతుంది, గంటైనా ఆగాలి.

ఐదింటి డబ్బా

అసలు పని ఇదే. బ్యాగులో రెండో డబ్బా ఉండాలి.

మా ఇంట్లో ఎక్కువగా పెట్టేది సెనగ గుగ్గిళ్లు. మనిషికి గుప్పెడు, అంటే 40 గ్రాముల నల్ల సెనగలు రాత్రి నానేయండి. పొద్దున ఉప్పు వేసి కుక్కర్లో నాలుగైదు విజిల్స్ రానిచ్చి, నీళ్లు వంచేయండి. చెంచా నూనెలో ఆవాలు, ఎండుమిర్చి, కరివేపాకు వేయించి సెనగలు కలపండి. పైన కాస్త కొబ్బరి తురుము చాలు. తడి పూర్తిగా ఆరి, చల్లారాకే మూత పెట్టాలి, లేకపోతే సాయంత్రానికి జిగురొస్తుంది. కొబ్బరి కూడా త్వరగా పాడవుతుంది కాబట్టి ఎండాకాలం వద్దు. ఈ గుప్పెడులో ఏడు గ్రాములకు పైగా మాంసకృత్తులుంటాయి, ఒక గుడ్డు పాటి. పీచు వల్ల రాత్రి భోజనం దాకా ఆకలి ఆగుతుంది.

రోజూ అవే అయితే మొహం మొత్తుతుంది. ఒకరోజు బొబ్బర్లు, ఒకరోజు వేయించిన పల్లీలూ బెల్లం ముక్కా, ఇంకోరోజు మరమరాల్లో పుట్నాలు కలిపి ఇవ్వండి. ఏ రోజు ఏదో పిల్లలనే చెప్పనివ్వండి, వాళ్లు ఎంచుకున్నదే డబ్బాలో ఖాళీ అవుతుంది.

బయటి తిండి పూర్తిగా మానిపించకండి. స్నేహితులంతా బండి దగ్గర నిలబడితే మన పిల్ల ఒక్కతే పక్కకెందుకు పోవాలి? వారానికి ఒక రోజు అనుకోండి. డబ్బాలోది తిని వెళ్తే రెండు ప్లేట్ల చోట ఒక ప్లేటుతో ఆగుతారు.

కూల్‌డ్రింకు విషయంలో మాత్రం నేను గట్టిగానే ఉంటాను. పావు లీటరు కోలాలో సుమారు 25 గ్రాముల చక్కెర ఉంటుంది. పాలు, పండ్లలో సహజంగా ఉండేది కాక, బయటినుంచి చేరే చక్కెర రోజంతటికీ ఇంతకు మించకపోతే మేలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. సీసాలో ఉప్పేసిన పల్చటి మజ్జిగ పంపండి.

రాత్రి

అన్నమైనా చపాతీ అయినా ఒకటే, కూర ఎక్కువ పెట్టండి. ఈ వయసుకు ఎనిమిది నుంచి పది గంటల నిద్ర కావాలి. పన్నెండు దాటాక మేలుకునే పిల్లకు మళ్లీ ఆకలేస్తుంది, చేతికి చిప్స్ ప్యాకెట్టే దొరుకుతుంది.

డాక్టరు దగ్గరికి ఎప్పుడు?

తిన్న వెంటనే బాత్రూంలోకి వెళ్లి గడియ పెట్టుకుంటున్నా, బరువు గబగబా పడిపోతున్నా, నెలసరి ఆగినా ఆలస్యం చేయకండి. మెడ వెనక, చంకల్లో చర్మం మందంగా నల్లబడితే మురికనుకుని పీచుతో రుద్దుతుంటాం. ఇన్సులిన్ సరిగా పనిచేయనప్పుడు కూడా అలా అవుతుంది. పీచు పక్కన పెట్టి, డాక్టరుకు చూపించండి.