ఇంటర్ అయ్యాక బెంగళూరు: మొదటి సెమిస్టర్ లెక్కలు

ఇంటర్ రెండేళ్లూ కార్పొరేట్ కాలేజీ హాస్టల్లో గడిపినవాళ్లకి తెల్లారగట్ల లేపడానికి వార్డెన్ ఉంటాడు. స్టడీ అవర్లో తల వాలితే బల్ల మీద కొట్టేవాళ్లుంటారు. వారం వారం టెస్టు, మార్కులు నేరుగా నాన్న ఫోనుకి. బెంగళూరులో ఇంజనీరింగ్‌లో చేరాక ఈ కాపలా ఒక్కసారిగా తీసేస్తారు. పీజీలో (పేయింగ్ గెస్ట్ హాస్టల్) పది దాకా పడుకున్నా అడిగే దిక్కుండదు. దాని ఫలితం సెమిస్టర్ చివర్లో, హాల్ టికెట్ దగ్గర తేలుతుంది. మొదటి సెమిస్టర్లో సబ్జెక్టులు పోగొట్టుకునేవాళ్లలో తెలివి చాలనివాళ్లు తక్కువ, లెక్క చూసుకోనివాళ్లే ఎక్కువ. అందుకే ఇక్కడ ఉపదేశం కన్నా అంకెలెక్కువ.

పరీక్షల గురించి చెప్పేవి వీటీయూ, అంటే బెళగావిలోని విశ్వేశ్వరయ్య సాంకేతిక విశ్వవిద్యాలయం, 2022 స్కీమ్ (సిలబస్, పరీక్షల పద్ధతి) నియమాలు. 2025లో చేరినవాళ్ల నుంచి కొత్త స్కీమ్ వచ్చింది కాబట్టి ఈ అంకెలు మీ స్కీమ్‌తో పోల్చి చూసుకోండి. అటానమస్ కాలేజీల్లో, ప్రైవేటు యూనివర్సిటీల్లో, బీకాం, బీఎస్సీ కాలేజీల్లో అంకెలు మారతాయి. మీ కాలేజీ రెగ్యులేషన్స్ పీడీఎఫ్ మొదటి వారంలోనే సంపాదించి హాజరు శాతం, ఇంటర్నల్ కనీస మార్కులు, పరీక్ష కనీస మార్కులు అనే మూడు అంకెలు ఒక కాగితం మీద రాసుకోండి. సీనియర్లు నోటితో చెప్పేవి తరచూ పాత స్కీమ్‌వి అయి ఉంటాయి.

కాగితాలు, పేర్లు

పదో తరగతి మెమో, ఇంటర్ మెమో, టీసీ, స్టడీ సర్టిఫికెట్, కులం, ఆదాయం సర్టిఫికెట్లు అందరికీ గుర్తుంటాయి. మర్చిపోయేది మైగ్రేషన్ సర్టిఫికెట్. మన ఇంటర్ బోర్డు నుంచి వేరే రాష్ట్రపు యూనివర్సిటీకి వెళ్తున్నారు కాబట్టి అది తప్పనిసరి. ఊళ్లో ఉండగానే తెచ్చుకోండి. అన్నిటికీ ఐదేసి జిరాక్స్ సెట్లు, ఇరవై పాస్‌పోర్టు ఫొటోలు, ఫోనులో స్కాన్లు పెట్టుకోండి. పరిశీలన అయ్యాక ఒరిజినల్స్ కాలేజీ దగ్గర ఉంచుకోకూడదన్నది యూజీసీ నియమం. ఏది ఇచ్చినా రసీదు మీద సర్టిఫికెట్ పేరు, తేదీ రాయించుకోండి.

అసలు తలనొప్పి పేరుతో. మన పదో తరగతి మెమోలో ఇంటిపేరు పూర్తిగా ముందుంటుంది, ఆధార్‌లో ఒక్క అక్షరమే ఉంటుంది, బ్యాంకులో మూడో రకం. సబ్జెక్టులు పాసైతే వచ్చే క్రెడిట్లు జమయ్యే ఏబీసీ (అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్) ఖాతాకి ఆధార్‌తో పని, యూనివర్సిటీ రిజిస్ట్రేషన్‌కి మెమోతో పని. రెండూ కలవకపోతే మొదటేడు ఎవరూ పట్టించుకోరు. నాలుగో ఏడు సర్టిఫికెట్ల దగ్గరో, ఉద్యోగంలో వెరిఫికేషన్ దగ్గరో ఆగిపోతుంది. బయలుదేరే ముందే ఆధార్‌ని పదో తరగతి మెమో ప్రకారం మార్పించుకోవడం అన్నిటికన్నా చవక.

చేరాక కొన్ని వారాలకి యూఎస్ఎన్ (యూనివర్సిటీ సీట్ నంబరు) వస్తుంది. మొదటి అంకె ప్రాంతం (బెంగళూరుకి 1), తరవాత రెండక్షరాలు కాలేజీ కోడ్, రెండంకెలు చేరిన సంవత్సరం, రెండక్షరాలు బ్రాంచి, చివరి మూడు మీ వరస నంబరు. ఫలితాల నుంచి ఫీజు దాకా అన్నీ దాని మీదే నడుస్తాయి. వచ్చిన రోజే పేరు, బ్రాంచి సరిగ్గా ఉన్నాయో లేదో చూసి, తప్పుంటే ఆఫీసులో రాతపూర్వకంగా ఇవ్వండి.

పీజీ చూసేటప్పుడు

మారతహళ్లి, బీటీఎం, మడివాళ, ఎలక్ట్రానిక్ సిటీ వైపు తెలుగు భోజనం పెట్టే పీజీలు వీధికి నాలుగున్నాయి. అన్నం, పప్పు, పచ్చడి చూసి మురిసి అక్కడ దిగి, ఊరి ఆ చివరున్న కాలేజీకి రోజూ తిరగడం చాలామంది చేసే పొరపాటు. బెంగళూరులో పది కిలోమీటర్లంటే సాయంత్రం పూట సులువుగా గంట. రోజుకి రెండు గంటలు బస్సులో పోతే మొదట పోయేది చదువు, తరవాత నిద్ర, ఆ తరవాత పొద్దుటి మొదటి పీరియడ్. కాలేజీకి నడిచిపోయేంత దూరంలో ఉండి, సాంబారు కాస్త తియ్యగా ఉన్నా ఓర్చుకోవడమే నయం. ఊరగాయ జాడీ ఒకటి దగ్గరుంటే ఆ బెల్లం సంగతి అది చూసుకుంటుంది.

గది మధ్యాహ్నం చూడకండి, ఆ వేళ అన్ని పీజీలూ బాగానే ఉంటాయి. పొద్దున ఏడింటికి వెళ్తే బాత్రూం ముందు ఎంతమంది నిలబడ్డారో, వేడినీళ్లు ఎవరి దాకా వస్తున్నాయో తెలుస్తుంది. నీళ్లు బోరువా, కావేరివా, ట్యాంకరువా అని అడగండి. ట్యాంకరైతే ఎండాకాలంలో ఏం చేస్తారో కూడా అడగండి. డబ్బు ఇచ్చేముందు ఈ నాలుగూ వాట్సాప్‌లో ఓనరు చేత రాయించుకోండి: అడ్వాన్సు ఎంత, ఖాళీ చేసేటప్పుడు మెయింటెనెన్స్ కింద ఎంత పట్టుకుంటారు, ఎన్ని రోజుల ముందు చెప్పాలి, సెలవుల్లో ఊరెళ్తే భోజనం డబ్బు తగ్గుతుందా. నోటీసు సాధారణంగా నెల. 'మధ్యలో వెళ్తే అడ్వాన్సు రాదు' అన్న మాట ఖాళీ చేసే రోజున వినకూడదు. మొదటిసారి మూడు నెలలకి మించి ముందుగా కట్టకండి.

స్వెటరు ఒకటి తెచ్చుకోండి. సముద్ర మట్టానికి 900 మీటర్ల పైన ఉన్న ఊరు. జూలై, ఆగస్టుల్లో జీన్స్ ఉతికితే రెండు రోజులైనా ఆరదు.

హాజరు: ఒక్క బంకు ఖరీదు

వీటీయూలో ప్రతి సబ్జెక్టుకీ విడివిడిగా 85 శాతం హాజరుండాలి. అన్నీ కలిపి సగటు కాదు. 40 క్లాసుల సబ్జెక్టులో 34 ఉండాలి, అంటే సెమిస్టర్ మొత్తానికి ఆరు మానొచ్చు. జ్వరం, చెల్లెలి ఓణీల ఫంక్షన్, రైలు ఆలస్యం అన్నీ ఆ ఆరులోనే. ల్యాబు వారానికి ఒక్కసారే, మొత్తం 13 జరిగితే 12 ఉండాలి. అంటే ఒక్కటే మానొచ్చు.

శాతం తగ్గాక పైకి తేవడం ఎంత కష్టమో చూడండి. మొదటి 10 క్లాసుల్లో 3 మానితే 70 శాతం. మళ్లీ 85కి రావాలంటే తరవాతి 10 క్లాసులూ ఒక్కటీ వదలకుండా కూర్చోవాలి. స్థూలంగా, మానిన ఒక్కో క్లాసుకీ దాదాపు ఆరు క్లాసులు జమ కట్టాలి. అందుకే బంకు కొట్టక తప్పదనుకుంటే సెమిస్టర్ మొదట్లో కొట్టకండి. చివర్లో ఎన్ని మిగిలాయో చూసుకుని వాడుకోండి.

మనవాళ్లు ప్రత్యేకంగా దెబ్బతినేది పండగల దగ్గర. సంక్రాంతికి మనకి భోగి, సంక్రాంతి, కనుమ కలిసి మూడు రోజులు. కర్ణాటకలో సెలవు సంక్రాంతి ఒక్కరోజే. ప్రయాణంతో కలిపి నాలుగు పనిదినాలు పోతే రోజూ ఉండే సబ్జెక్టులో ఆరులో నాలుగు అయిపోయినట్టే. సెమిస్టర్ క్యాలెండర్ రాగానే ఊరెళ్లే రోజులు అందులో రాసుకుని, మిగిలిన బంకులు ఎన్నో అప్పుడు లెక్కేయండి. ఉగాది రెండు చోట్లా సెలవే. దానికి టికెట్లు మాత్రం ముందే బుక్ చేసుకోండి, ఆ రోజుల్లో ప్రైవేటు బస్సుల ధరలు చూస్తే ఊరు మీద ప్రేమ తగ్గుతుంది.

హాజరు పోర్టల్లో ప్రతి శనివారం చూడండి. ఉన్నా లేనట్టు పడితే అదే వారం లెక్చరర్‌ని అడిగితే సరిచేస్తారు. రెండు నెలల తరవాత అడిగితే వాళ్లకీ గుర్తుండదు. ఆసుపత్రి పాలైతే డిశ్చార్జి కాగితాలు వచ్చిన రోజే ప్రాక్టర్‌కి ఇవ్వండి. ఇక్కడ ప్రాక్టర్ అంటే మీ బాగోగులు చూడటానికి కేటాయించిన లెక్చరర్.

మార్కుల లెక్క

సబ్జెక్టుకి 100. అందులో 50 సీఐఈ (ఇంటర్నల్ టెస్టులు, అసైన్‌మెంట్లు), 50 ఎస్ఈఈ (సెమిస్టర్ పరీక్ష). సీఐఈలో 20 రాకపోతే సెమిస్టర్ పరీక్షకి కూర్చోనివ్వరు. ఎస్ఈఈలో 50కి 18 రావాలి, రెండూ కలిపి 40 రావాలి. కాబట్టి సీఐఈలో సరిగ్గా 20 తెచ్చుకున్నవాళ్లకి పరీక్షలో 18 చాలదు, 20 కావాలి. సీఐఈలో 40 ఉన్నవాళ్లు 18తో గట్టెక్కుతారు. ఇంటర్నల్స్ అంటే చిన్న టెస్టులే కదా అని బ్లూ బుక్ (ఇంటర్నల్ టెస్టుల జవాబుల పుస్తకం) సగం ఖాళీగా ఇచ్చేవాళ్లు ఇక్కడే ఇరుక్కుంటారు.

ఎస్ఈఈ పేపరు మూడు గంటలు, 100 మార్కులకి రాసి 50కి కుదిస్తారు. సిలబస్ ఐదు మోడ్యూళ్లు. ఒక్కో దాని నుంచి 20 మార్కుల ప్రశ్నలు రెండిస్తారు, ఒకటి రాయాలి. ఇంటర్లో రెండు మార్కులవీ నాలుగు మార్కులవీ ఏరుకుని, కష్టమైన చాప్టర్ వదిలేసి కూడా మంచి మార్కులు తెచ్చుకున్న అలవాటు ఇక్కడ పనికిరాదు. ఛాయిస్ మోడ్యూల్ లోపలే ఉంటుంది, మోడ్యూళ్ల మధ్య ఉండదు. ఒక మోడ్యూల్ వదిలేస్తే 20 పోయినట్టే, రెండు వదిలితే మీరు 60కే పరీక్ష రాస్తున్నారు.

చదివే పద్ధతి కూడా దాన్నిబట్టే మారాలి. ఒక్కో ప్రశ్నకి 180 నిమిషాల్లో ఐదో వంతు, 36 నిమిషాలు. క్లాసులో మోడ్యూల్ అయిన వారాంతంలోనే పాత పేపర్ల నుంచి అందులోని ఒక 20 మార్కుల ప్రశ్న తీసి, ఫోను పక్కన పడేసి, 36 నిమిషాలు పెట్టుకుని తెల్లకాగితం మీద రాయండి. మొదటిసారి చాలామందికి 12 మార్కుల దగ్గరే సమయం అయిపోతుంది. డెరివేషన్ తెలిసినా బొమ్మ వేయడానికి పది నిమిషాలు పట్టడం, యూనిట్లు రాయకపోవడం అప్పుడు బయటపడతాయి. మొత్తం చదివాక రాద్దామనుకుంటే ఆ 'మొత్తం' ఎప్పటికీ కాదు.

మొదటేడు సగం సెక్షన్లకి ఫిజిక్స్ సైకిల్ (ఫిజిక్స్ ఉండే సబ్జెక్టుల గుంపు), సగానికి కెమిస్ట్రీ సైకిల్, రెండో సెమిస్టర్లో తారుమారవుతాయి. అవతలి సైకిల్లో ఒక స్నేహితుణ్ణి పట్టుకోండి. మీ రికార్డు, నోట్సు వాళ్లకి, వాళ్లవి మీకు. ల్యాబ్ రికార్డు వారం వారం సంతకం పెట్టించుకోవాలి. ఆఖరి వారంలో పది ప్రయోగాలు ఒకేసారి రాస్తే సంతకం దొరకదు, వైవాలో మాట రాదు.

ల్యాప్‌టాప్ మొదటి రెండు వారాలు కొనకండి. ల్యాబులో ఏం వాడుతున్నారో చూసి కొనండి. కంప్యూటర్ సైన్స్‌కి 16 జీబీ ర్యామ్, 512 జీబీ ఎస్ఎస్‌డీ చాలు. గేమింగ్ కార్డు కావాలని ఇంట్లో చెప్పే కారణం చదువైతే కాదు.

తిరగడం, కన్నడం

రైలు టికెట్ మీద స్టేషన్ పేరు చూడండి. కేఎస్ఆర్ బెంగళూరు ఊరి నడిబొడ్డున మెజెస్టిక్ బస్టాండు దగ్గర, యశ్వంతపూర్ వేరు, ఎస్ఎంవీటీ బయ్యప్పనహళ్లి వైపు. మూడూ బెంగళూరే, మూడింటి మధ్యా చాలా దూరం. కాలేజీ దారిలో మెట్రో ఉంటే అదే నయం. పర్పుల్, గ్రీన్ లైన్లు మెజెస్టిక్‌లో కలుస్తాయి. 2025 ఆగస్టులో మొదలైన యెల్లో లైన్ ఆర్వీ రోడ్డు నుంచి బొమ్మసంద్ర దాకా, ఎలక్ట్రానిక్ సిటీ మీదుగా వెళ్తుంది. సిటీ బస్సుల సంస్థ బీఎంటీసీ స్టూడెంట్ పాస్‌కి కర్ణాటక ప్రభుత్వ సేవాసింధు పోర్టల్లో దరఖాస్తు పెట్టాలి. అది మామూలు బస్సులకే, వజ్ర ఏసీ బస్సుల్లో చెల్లదు. ఆడపిల్లలకి ఉచితమట కదా అని ఎక్కేయకండి. శక్తి పథకం కర్ణాటక చిరునామా ఉన్నవాళ్లకే, ఆంధ్రా, తెలంగాణ ఆధార్ చూపిస్తే కండక్టర్ టికెట్ కొడతారు.

కన్నడం ఎలాగూ చదవాలి. కన్నడం రానివాళ్లకి 'బళకె కన్నడ' అనే సబ్జెక్టు ఉంటుంది. లిపి మన లిపికి అక్కచెల్లెలు, బస్సు బోర్డులు చదవడం వారంలో వస్తుంది. పదాల దగ్గరే జాగ్రత్త. పీజీ గోడ మీద 'తిండి' 7:30 అని ఉంటే అది టిఫిను, అన్నం కాదు. భోజనానికి 'ఊట'. 'ఇల్ల' అంటే లేదు, ఇల్లు కాదు. 'ఎష్టు' ఎంత, 'బేకు' కావాలి, 'బేడ' వద్దు, 'సాకు' చాలు. ఆటోవాళ్లతో ఈ నాలుగు ముక్కలూ కన్నడంలో అంటే బేరం మొదలయ్యే అంకే మారుతుంది.

డబ్బు, మనసు

ఇంటి నుంచి వచ్చే డబ్బు నెల మొదట్లో ఒకేసారి వేయించుకోకండి. పీజీ అద్దె ఒకటో తేదీన, ఖర్చుల డబ్బు ప్రతి సోమవారం నాలుగు భాగాలుగా. యూపీఐకి వేరే చిన్న ఖాతా పెట్టుకుని అందులో ఆ వారం డబ్బే ఉంచండి. స్విగ్గీ బిల్లులు చిన్నవిగానే కనిపిస్తాయి, నెలాఖరుకి కూడితే అద్దెలో సగం తేలుతుంది. గదిలో స్నేహితుడికిచ్చిన అప్పు రాసి పెట్టుకోండి, మొహమాటపడకండి.

ర్యాగింగ్ చేస్తే యూజీసీ హెల్ప్‌లైన్ 1800-180-5522. పేరు చెప్పకుండా కూడా ఫిర్యాదు చేయొచ్చు. నిద్ర పట్టక, అన్నం సహించక, క్లాసుకి పోవాలనిపించక రెండు వారాలు దాటితే దాన్ని ఇంటి మీద బెంగ అని తోసేయకండి. 14416కి ఫోను చేస్తే టెలి మానస్‌లో (ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్) తెలుగులోనే మాట్లాడతారు, డబ్బులు తీసుకోరు. అమ్మకి రోజూ ఫోను చేసే సమయం ఒకటి పెట్టుకోండి. రాత్రి భోజనం అయ్యాక పావుగంట చాలు. హాజరు శాతం ఎంతో ఆ ఫోనులోనే చెప్పేస్తుంటే హాల్ టికెట్ నాడు కొత్తగా చెప్పాల్సింది ఏమీ ఉండదు.