బఫెలోలో చలికాలం: రాడార్ చూడకుండా కారు తీయకండి

చదువుకో, ఉద్యోగానికో అమెరికాలో న్యూయార్క్ రాష్ట్రంలోని బఫెలో వైపు కొత్తగా వచ్చినవాళ్ళకు ఒక మాట. ఇక్కడ మంచు ఊరంతా ఒకేలా పడదు. నవంబర్, డిసెంబర్‌లలో ఈరీ సరస్సు నీళ్ళు ఇంకా కాస్త వెచ్చగానే ఉంటాయి. వాటి మీదుగా వీచే చలిగాలి ఆవిరిని మోసుకొచ్చి, ఒడ్డు దాటగానే సన్నటి పట్టీలా మంచు కుమ్మరిస్తుంది. ఆ పట్టీ కింద ముందు కారు లైట్లు కూడా కనబడవు. కొన్ని మైళ్ళు అవతల చూస్తే ఎండ కాస్తుంటుంది! 2022 నవంబర్‌లో దక్షిణాన ఆర్చర్డ్ పార్క్ అనే ఊళ్ళో ఆరడుగుల పైనే పడింది, ఉత్తరాన ఉన్న పేటల్లో అంతకంటే చాలా తక్కువ.

అందుకే ఫోన్‌లో ఊరి పేరు పక్కన కనబడే మంచు బొమ్మను నమ్ముకోకండి. మంచు ఎక్కడ పడుతోందో మ్యాప్ మీద చూపించే వాతావరణ రాడార్ తెరిచి పట్టీ ఎక్కడుందో, ఎటు జరుగుతోందో చూడండి. గాలి దిశ మారితే పట్టీ కూడా పక్కకు జరుగుతుంది. ఒక్కోసారి గంట ఆగితే చాలు, దారి తేటపడుతుంది. ఒక్కోసారి రోజంతా కదలదనుకోండి, అప్పుడు ఇంట్లో పప్పన్నం తిని కూర్చోవడమే.

కారు స్టార్ట్ చేసే ముందు వెనక సైలెన్సర్ గొట్టం చుట్టూ మంచు తీసేయండి. మొదటి ఏడు నేను ముందు అద్దం మాత్రం గీక్కుని, హీటర్ వేసుకుని కూర్చున్నాను. పక్కింటాయన పరుగున వచ్చి కిటికీ తట్టాడు. గొట్టం మూసుకుపోతే కార్బన్ మోనాక్సైడ్ లోపలికి వస్తుంది, దానికి వాసన కూడా ఉండదు.

సరస్సు గడ్డకడితే ఈ మంచు పట్టీల గోల బాగా తగ్గుతుంది. చలి మాత్రం తగ్గదు.