బ్లాకులతో కోడింగ్, 4వ పాఠం: పిల్లి తలకిందులుగా ఎందుకు నడిచింది?

స్క్రాచ్‌లో, అంటే రంగు బ్లాకులు పేర్చి బొమ్మల్ని కదిలించే ప్రోగ్రామ్‌లో, మూడో పాఠంలో బాణాలతో పిల్లిని నడిపించాం. ఆ తర్వాత నాకు వచ్చిన ఫొటోలన్నిటిలో ఒకటే దృశ్యం. పిల్లి తల కిందికి, కాళ్లు పైకి. కుడి బాణం నొక్కితే బుద్ధిగా నడుస్తుంది, ఎడమ బాణం నొక్కగానే వెల్లకిలా పడి అలాగే జారుకుంటూ పోతుంది. "మావాడు కంప్యూటర్ పాడైందని ఏడుస్తున్నాడండీ" అని ఒక అమ్మ రాశారు. కంప్యూటర్ పాడవలేదు, మీవాడు తప్పూ చేయలేదు. పోయినసారి నేను ఒక బ్లాక్ చెప్పకుండా వదిలేశాను. కాబట్టి ఈవారం అనుకున్న పాఠం కాసేపు ఆపి, ముందు ఆ పిల్లిని కాళ్ల మీద నిలబెడదాం.

ఒక కాగితం మీద కుడివైపు చూస్తున్న పిల్లిని గీయించండి. మధ్యలో గుండుసూది గుచ్చి అట్టకి పెట్టండి. స్క్రాచ్ లెక్కలో కుడి అంటే 90, పైకి 0, కిందికి 180, ఎడమ -90. ఇప్పుడు సూది తీయకుండా, పిల్లి ముక్కు ఎడమవైపు వచ్చేదాకా కాగితాన్ని తిప్పమనండి. ముక్కు ఎడమకి వచ్చేసరికి కాళ్లు ఆకాశంలో ఉంటాయి. స్క్రాచ్ చేసింది సరిగ్గా ఇదే. "పాయింట్ ఇన్ డైరెక్షన్ -90" అంటే మన చెవికి "ఎడమకి తిరుగు" అని వినిపిస్తుంది, దానికి మాత్రం "సగం చుట్టు తిరుగు" అని.

విజయవాడ సత్యనారాయణపురంలో మా డాబా మీద ఇదే చేయిస్తుంటే, నాలుగో తరగతి పాప ఒకతి కాసేపు కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. తర్వాత సూది పీకేసి, కాగితాన్ని వెనక్కి తిరగేసి ఎండకి ఎత్తి పట్టుకుంది. గీతలు వెనకనుంచి కనిపించాయి. పిల్లి ఎడమకి చూస్తోంది, కాళ్లు కిందే ఉన్నాయి. "తిప్పకూడదు మేడమ్, తిరగేయాలి" అంది. ఆ పాప చెప్పినదాన్ని స్క్రాచ్‌లో "సెట్ రొటేషన్ స్టైల్ లెఫ్ట్-రైట్" అంటారు. మోషన్ బ్లాకుల్లో ఉంటుంది. ప్రోగ్రామ్ మొదలుపెట్టే పచ్చ జెండా బ్లాక్ కింద మొట్టమొదటగా దాన్ని పెట్టండి, పిల్లి లేచి నిలబడుతుంది. బొమ్మ కింద డైరెక్షన్ గడి మీద నొక్కితే వచ్చే మూడు గుర్తుల్లో కూడా ఒకటి ఇదే, కానీ నేను బ్లాకే వాడిస్తాను. ఎక్కడో నొక్కింది పిల్లలు వారానికి మర్చిపోతారు, బ్లాక్ అయితే కళ్లముందు ఉంటుంది. స్కూల్ ల్యాబ్‌లో పాత 1.4 వెర్షన్ ఉంటే ఈ బ్లాక్ దొరకదు, అక్కడ బొమ్మ పక్కనున్న చిన్న బటన్లతోనే సరిపెట్టుకోవాలి.

ఇద్దరు ముగ్గురు నాన్నలు ఎడమవైపు చూసే రెండో కాస్ట్యూమ్ (అదే పిల్లికి ఇంకో బొమ్మ) గీసి, బాణం నొక్కినప్పుడు అది మారేలా చేశారు. పని చేస్తుంది, కాదనను. కానీ రేపు నడక చూపించడానికి కాస్ట్యూములు మార్చాల్సి వచ్చినప్పుడు ప్రతిదానికీ ఎడమ బొమ్మ ఒకటి, కుడి బొమ్మ ఒకటి కావాలి. అది వద్దు.

ఇక ఈవారం పాఠం. ఇప్పటిదాకా "ఇటు తిరుగు, పది అడుగులు వెయ్" అని నడిపించాం. ఈరోజు నుంచి చిరునామాతో నడిపిద్దాం. స్టేజీ, అంటే పిల్లి తిరిగే తెర, అడ్డంగా 480 అడుగులు, నిలువుగా 360. నట్టనడుమ సున్నా. అడ్డం లెక్క ఎక్స్, నిలువు లెక్క వై. సంక్రాంతికి చుక్కల ముగ్గు పెట్టిన పిల్లలకి ఇంతకన్నా చెప్పక్కర్లేదు, మధ్య చుక్క నుంచి ఇటు ఎన్ని, పైకి ఎన్ని అని లెక్కపెట్టడమే.

మైనస్ దగ్గర మాత్రం ఆగాలి. నాలుగు, ఐదు తరగతుల పిల్లలకి స్కూల్లో ఆ లెక్కలు ఇంకా రాలేదు. నేను ప్రకాశం బ్యారేజీ మీదకి తీసుకెళ్తాను. మొత్తం 70 గేట్లు. నట్టనడుమ నిలబడితే సీతానగరం వైపు 35, బెజవాడ వైపు 35. "పదో గేటు దగ్గరికి రా" అంటే ఎటు రావాలి? అందుకని సీతానగరం వైపుని మామూలుగా 10 అందాం, బెజవాడ వైపుని -10 అందాం. నడిచే దూరం రెండూ ఒకటే, వైపు వేరు. ఇంత చెబితే "మైనస్ అంటే తక్కువా మేడమ్?" అనే ప్రశ్న మళ్లీ రాదు.

"సెట్ ఎక్స్ టు 10" అంటే పదో గేటు దగ్గరికి వెళ్లి నిలబడు. "చేంజ్ ఎక్స్ బై 10" అంటే ఇప్పుడున్నచోటు నుంచి ఇంకో పది గేట్లు నడువు. నడకకి కావలసింది చేంజ్. బాణం నొక్కితే పిల్లి ఒకసారి కదిలి, ఆపైన ఎన్నిసార్లు నొక్కినా కదలకపోతే అక్కడ సెట్ ఉన్నట్టే.

బాణాలకి పోయినసారి "వెన్ కీ ప్రెస్డ్" (కీ నొక్కినప్పుడు) అనే టోపీ ఆకారపు బ్లాక్ వాడాం. నొక్కి పట్టుకుంటే పిల్లి ఒకసారి కదిలి, ఆగి, తర్వాత తడబడుతూ పోతోందని చాలామంది అన్నారు. నోట్‌ప్యాడ్ తెరిచి ఒక అక్షరం నొక్కి పట్టుకోండి. ఒక అక్షరం పడుతుంది, చిన్న విరామం, తర్వాత వరసగా పడతాయి. ఆ విరామం కీబోర్డుది, పిల్లిది కాదు. ఆటకి అది పనికిరాదు. అందుకే ఇప్పుడు "ఇఫ్"తో మనమే అడుగుతాం: కుడి బాణం నొక్కి ఉందా? ఉంటే ఎక్స్ 4 పెంచు.

ఈ పాఠంలో నన్ను అన్నిటికన్నా ఎక్కువ సతాయించేది ఇక్కడే ఉంది, కాస్త ఓపిగ్గా చదవండి. జెండా కింద నేరుగా ఇఫ్ పెడతారు. జెండా నొక్కుతారు. బాణం నొక్కుతారు. పిల్లి కదలదు. బ్లాకులన్నీ సరిగ్గానే ఉన్నాయి, రంగులూ సరే, అంకెలూ సరే. పిల్లలు అన్నీ పీకి మళ్లీ అవే పెడతారు. పెద్దవాళ్లయితే కీబోర్డు మారుస్తారు.

ఇఫ్ ఒక్కసారే అడుగుతుంది. జెండా నొక్కిన క్షణంలో "బాణం నొక్కి ఉందా?" అని చూస్తుంది. లేదు. అంతే, దాని పని అయిపోయింది. తర్వాత మీరు బాణాన్ని గంటసేపు నొక్కినా వినేవాళ్లు ఎవరూ లేరు. నమ్మకం కలగాలంటే ముందు బాణం నొక్కి పట్టుకుని, అప్పుడు జెండా నొక్కించండి. పిల్లి ఒక్కసారి, నాలుగంటే నాలుగు అడుగులు కదులుతుంది. స్టేజీ 480 కాబట్టి ఆ నాలుగు కంటికి ఆనవు, పక్కన వేలు పెట్టి చూడమనండి. నా దగ్గర ఒక బాబు ఈ ఒక్క కదలిక చూడటానికి ఏడుసార్లు జెండా నొక్కాడు. చూశాక మాత్రం మళ్లీ చెప్పాల్సిన పని పడలేదు.

పొయ్యి మీద పాలు పెట్టి "పొంగాయా?" అని ఒక్కసారి చూసి హాల్లోకి వచ్చేస్తే ఏమవుతుంది? పాల దగ్గర నిలబడి చూస్తూనే ఉండాలి. ఆ చూస్తూ ఉండటమే "ఫరెవర్". ఇఫ్‌లన్నీ ఫరెవర్ కడుపులో ఉండాలి.

ఇలాంటి పొరపాటే ఇంకోటి ఉంది. నాలుగు బాణాలకి పెట్టిన నాలుగు ఇఫ్‌లూ ఫరెవర్‌లోనే ఉంటాయి, కానీ ఎడమ బాణం ఇఫ్ కుడి బాణం ఇఫ్ లోపలికి జారిపడుతుంది. చిన్న వేళ్లతో మౌస్ లాగేటప్పుడు ఇది మామూలే. అప్పుడు ఎడమ బాణం గురించి అడగాలంటే ముందు కుడి బాణం నొక్కి ఉండాలి, అంటే రెండూ కలిపి నొక్కితేనే ఆ ఇఫ్ పలుకుతుంది. ఇఫ్‌లు ఒకదాని కింద ఒకటి ఉండాలి, ఒకదానిలో ఒకటి కాదు.

మొత్తం ఇలా వస్తుంది:

పచ్చ జెండా నొక్కినప్పుడు
సెట్ రొటేషన్ స్టైల్ లెఫ్ట్-రైట్
గో టు ఎక్స్ -200, వై 0
ఫరెవర్:
– ఇఫ్ కుడి బాణం: పాయింట్ ఇన్ డైరెక్షన్ 90, చేంజ్ ఎక్స్ బై 4
– ఇఫ్ ఎడమ బాణం: పాయింట్ ఇన్ డైరెక్షన్ -90, చేంజ్ ఎక్స్ బై -4
– ఇఫ్ పై బాణం: చేంజ్ వై బై 4
– ఇఫ్ కింది బాణం: చేంజ్ వై బై -4

ముఖం తిప్పడానికి డైరెక్షన్, కదలడానికి చేంజ్. పై, కింది బాణాలకి డైరెక్షన్ పెట్టకండి. ఎడమకి చూస్తున్న పిల్లి పైకి వెళ్లేటప్పుడు అకారణంగా కుడికి తిరిగిపోతుంది.

పది కాకుండా నాలుగు ఎందుకంటే, ఫరెవర్ సెకనుకి 30 సార్లు తిరుగుతుంది. పది పెడితే సెకనుకి 300, ఈ చివర నుంచి ఆ చివరకి సెకనున్నరలో చేరిపోతుంది. నాలుగైతే 120, అదే దూరానికి నాలుగు సెకన్లు. స్పీడు ఎక్కువైందని ఫరెవర్‌లో వెయిట్ బ్లాక్ మాత్రం పెట్టకండి. పోగొట్టుకున్న తడబాటు మళ్లీ తిరిగొస్తుంది. అంకె తగ్గించండి, చాలు.

ఇక అభ్యాసం. ఈసారి కష్టంగానే ఇస్తున్నాను, రెండు వారాలు పట్టినా ఫర్వాలేదు. పిల్లి బదులు పిల్లలు సొంతంగా ఒక పడవ గీయాలి. ఎడమ చివర పున్నమి ఘాట్, కుడి చివర భవానీ ద్వీపం, మధ్యలో కృష్ణ. పడవ ఘాట్ దగ్గర మొదలై బాణాలతో ద్వీపం చేరాలి. నదికి ప్రవాహం ఉంది కాబట్టి ఏ బాణమూ నొక్కకపోయినా పడవ మెల్లగా కిందికి కొట్టుకుపోతూ ఉండాలి. దానికి ఒక్క బ్లాకే చాలు, అది ఎక్కడ పెట్టాలో మీరు చెప్పకండి. ఎక్స్ 200 దాటితే పడవ ఒడ్డెక్కేస్తుంది, దాటకుండా ఆపాలి. "ఇఫ్ ఆన్ ఎడ్జ్, బౌన్స్" (అంచు తగిలితే వెనక్కి తిరుగు) బ్లాక్ వాడకూడదు.

జెండా నొక్కేముందు, కుడి బాణం రెండు సెకన్లు నొక్కితే పడవ ఏ ఎక్స్ దగ్గర ఆగుతుందో కాగితం మీద రాయించండి. మొదలు -200, సెకనుకి 120. తర్వాత నొక్కి, బొమ్మ కింద కనిపించే ఎక్స్ అంకె పక్కనే రాయించండి. రెండు అంకెలూ ఉన్న ఆ కాగితం ఫొటో నాకు పంపండి, పడవ ఫొటో లేకపోయినా సరే.