పాత చట్టాలు చదవడం నేర్చుకుందాం – 4వ పాఠం: తలుపు గడియ

ముందు పోయినసారి హోంవర్క్. ఇంగ్లండులో 1670 నాటి చట్టం ప్రకారం, ఇంగ్లండ్ చర్చి (అంటే ప్రభుత్వ అధికారిక చర్చి) పద్ధతిలో కాకుండా ఒక ఇంట్లో ప్రార్థన పెట్టుకుంటే, ఇంట్లోవాళ్లు కాక బయటివాళ్లు ఎంతమంది చేరితే ఆ ప్రార్థన నేరం? ఐదుగురు. నలుగురైతే ఫర్వాలేదు. పైగా ఉప్పందించినవాడికి జరిమానాలో మూడో వంతు ముట్టేది కాబట్టి, జనం తలుపులు బిగించుకుని ప్రార్థన చేసుకునేవాళ్లంటే ఆశ్చర్యం లేదు. ఈ తలుపు సంగతి గుర్తుపెట్టుకోండి.

ఇవాళ 1689 చట్టం చూద్దాం. అందరూ దాన్ని 'టాలరేషన్ యాక్ట్' (సహన చట్టం) అంటారు. కానీ అసలు శీర్షిక చదవండి, అందులో టాలరేషన్ అనే మాటే లేదు. ఇంగ్లండ్ చర్చితో విభేదించే ప్రొటెస్టెంట్లను 'కొన్ని చట్టాల శిక్షల నుంచి మినహాయించే చట్టం' అని ఉంటుంది. మొదటి మెళకువ ఇదే: క్రియాపదం పట్టుకోండి. హక్కు 'ఇవ్వడం' వేరు, శిక్ష నుంచి 'మినహాయించడం' వేరు. పాత చట్టాలను రద్దు చేయలేదు, అవి అలాగే ఉన్నాయి, కొందరిని మాత్రం వాటి దెబ్బ నుంచి తప్పించారు, అంతే.

రెండో మెళకువకి పెన్సిల్ కావాలి. 'ప్రొవైడెడ్ ఆల్వేస్' (అంటే 'అయితే ఒక షరతు') అని కనబడిన ప్రతిచోటా గీత గీయండి. మన లాయర్లు ప్రొవైజో అంటారే, అదే. అసలు విషయమంతా అక్కడే దాక్కుంటుంది. ఒకచోట ఏముందంటే, తలుపులకు తాళమో గడియో అడ్డకర్రో వేసి ప్రార్థన జరిపితే అక్కడున్న ఏ ఒక్కరికీ ఈ చట్టం వర్తించదట! నిన్నటిదాకా భయపడి వేసుకున్న గడియ ఇవాళ తీయాల్సిందే, లోపల కుట్రలేమైనా చేస్తారేమోనని ప్రభుత్వానికి అనుమానం మరి.

ఇంకా గీస్తూ పోండి. బోధకులు ఇంగ్లండ్ చర్చి 39 విశ్వాస సూత్రాల్లో 34, 35, 36, ఇంకా 20లో కొంత భాగం వదిలేసి మిగతావాటికి సంతకం పెట్టాలి. బాప్టిస్టులకు (మన ఒంగోలు, నెల్లూరు వైపు వాళ్లకు పరిచయం అక్కర్లేదు) శిశు బాప్తిస్మం వాళ్లు ఒప్పుకోరు కాబట్టి ఆ మాట కూడా మినహాయింపు. ఒట్టు వేయబోమనే క్వేకర్లకు (అదో క్రైస్తవ శాఖ) ఒట్టు బదులు ప్రకటన చాలు. దశమభాగం మాత్రం అందరూ ఇంగ్లండ్ చర్చికే కట్టాలి, తాము అందులో అడుగుపెట్టకపోయినా సరే. కేథలిక్కులకు, త్రిత్వాన్ని (తండ్రి, కుమారుడు, పరిశుద్ధాత్మ ముగ్గురూ ఒకే దేవుడనే నమ్మకాన్ని) కాదనేవాళ్లకు అసలు చోటే లేదు.

మీ పని: 1673 నాటి టెస్ట్ యాక్ట్ ఈ మినహాయింపుల జాబితాలో ఉందా? వెతకండి. సర్కారు కొలువు కావాలంటే ఇంగ్లండ్ చర్చిలో రొట్టె, ద్రాక్షారసం తీసుకోవాలనేది ఆ చట్టమే. 1711లో మళ్లీ గొడవ ఎందుకు లేచిందో దాన్ని బట్టి ఊహించి రాసుకోండి, వచ్చే పాఠంలో సరిచూద్దాం.